‘స్లీవ్ వేసిన’ స్పిట్‌ఫైర్ మాస్టర్ సిలిండర్ కొంటున్నారా? ఆగండి

హెరాల్డ్, స్పిట్‌ఫైర్ లాంటి పాత ట్రయంఫ్ కంపెనీ కార్లకి రీకండిషన్ చేసిన బ్రేకు సామాన్లు అమ్మే ఆ మనిషి దగ్గర దయచేసి ఎవరూ ఏమీ కొనకండి. పేరు రాయడం లేదు. పసుపు పెయింటు చుక్కతో సీలు వేసి పంపేది ఎవరో ఇంగ్లండ్‌లో హెరాల్డ్, స్పిట్‌ఫైర్ నడిపేవాళ్ళకి తెలిసే ఉంటుంది. నిన్న సాయంత్రం అతని షెడ్డు నుంచి వచ్చాను. రాత్రి నిద్ర పట్టలేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి.

నాది 1973 స్పిట్‌ఫైర్ మార్క్ ఫోర్. ఉండేది కొవెంట్రీలో, ఈ బండి తయారైన కాన్లీ ఫ్యాక్టరీ ఉండిన ఊళ్ళోనే. చిన్నప్పుడు రాజమండ్రిలో మా నాన్నగారికి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది. స్పిట్‌ఫైర్‌కి మూలం ఆ హెరాల్డ్ చాసిసే. ఆ మమకారంతోనే ఈ బండి కొన్నాను. సరే, అసలు సంగతికి వస్తాను.

గత నెల ఎర్ర లైటు దగ్గర బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోవడం మొదలైంది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే మళ్ళీ పైకొచ్చేది. చక్రాల దగ్గర ఎక్కడా తడి లేదు. వెనక డ్రమ్ములు సర్ది చూశాను, తేడా లేదు. నాలుగు రబ్బరు గొట్టాలకీ క్లాంపులు పెట్టి తొక్కాను. అలా పెడితే ఒత్తిడి చక్రాల దాకా పోదు, పెడల్ రాయిలా నిలబడాలి. అప్పుడూ దిగింది. ఇంక మిగిలింది మాస్టర్ సిలిండరే, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టేది. దాని వెనక రబ్బరు తొడుగు, అదే బూటు, జరిపితే లోపల బ్రేక్ ఆయిల్ నిలిచి ఉంది, కింద బల్క్‌హెడ్ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు) మీద పెయింటు పొరలుగా లేచిపోయింది. అంటే పిస్టన్‌కి ఉండే రబ్బరు సీలు దాటి ఆయిల్ బయటికి వచ్చేస్తోంది. ఇంతవరకూ నేను చేసింది సరిగ్గానే చేశాను.

తప్పు ఆ తర్వాత చేశాను. ఆ మనిషి ప్రకటనలో ‘కొత్త స్టెయిన్‌లెస్ స్లీవ్, కొత్త సీళ్ళు, ఏడాది గ్యారంటీ’ అని ఉంది. ధర 110 పౌండ్లు. స్లీవ్ అన్న ఒక్క మాట చూసే నమ్మాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. యాభై ఏళ్ళలో ఆ తేమకి సిలిండర్ లోపలి గోడ గుంటలు పడుతుంది. గుంటల మీద ఎంత కొత్త సీలు వేసినా నిలవదు, దాని అంచు కోసుకుపోతుంది. అందుకే లోపల స్టీల్ స్లీవ్ దించి నున్నటి గోడ ఏర్పాటు చేస్తారు. ఆ పని నిజంగా చేసి ఉంటే 110 ఎక్కువేం కాదు.

నేరుగా బ్యాంకుకి పంపితే 95 చాలన్నాడు. పంపేశాను. ఆ పదిహేను పౌండ్ల కోసం, ప్రకటన ఉన్న ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ఇచ్చే రక్షణ మొత్తం వదులుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇంజినీరుగా పనిచేస్తున్న నేను, ఇంట్లో అందరికీ జాగ్రత్తలు చెప్పే నేను, బ్రేకుల విషయంలో ఇలా చేశానే అని తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

సిలిండర్ వచ్చింది, బిగించాను. మా ఆవిడ పెడల్ తొక్కుతుంటే నేను వెనక చక్రాల నుంచి మొదలుపెట్టి బ్రేకు గొట్టాల్లోని గాలి తీశాను. లీటరు కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పట్టింది. పెడల్ గట్టిగా నిలిచింది. తొమ్మిది రోజులు ఏ ఇబ్బందీ లేదు.

పదో రోజు ఆదివారం. మా అమ్మాయి పక్కన కూర్చుంది. బాన్‌బరీ వైపు నుంచి స్ట్రాట్‌ఫర్డ్ వైపు వస్తూ ఏ422 రోడ్డు మీద సన్‌రైజింగ్ హిల్ అనే కొండ దిగుతున్నాం. ఆ దారి ఎరిగినవాళ్ళకి ఆ వాలు, ఆ మలుపులు తెలుసు. ముందు వ్యాను నెమ్మదించింది. బ్రేకు తొక్కాను. కాలు నేల దాకా పోయింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ నేల దాకా. ఇక్కడ అమ్మిన ఈ బండ్లకి బ్రేకు లైను ఒక్కటే. ఇప్పటి కార్లలాగా ఒకటి పోతే ఇంకొకటి ఆదుకోదు. సెకండ్ గేర్‌లోకి లాగి, హ్యాండ్ బ్రేకు పట్టి, ఎడమ పక్క గడ్డి అంచులోకి ఎక్కించాను. హ్యాండ్ బ్రేకుకి విడిగా కేబుల్ ఉంది కాబట్టి ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను. అమ్మాయి ఏడవలేదు. ‘నాన్నా, ఆగిందా?’ అని మాత్రం రెండుసార్లు అడిగింది. ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది.

బండిని ట్రక్కు మీద ఇంటికి తెచ్చి ఆ రాత్రే అతనికి మెసేజ్ పెట్టాను. ‘బూటు వెనక్కి లాగి లోపల తడి ఉందేమో చూడు’ అని జవాబిచ్చాడు. లాగాను. కాలవలా కారింది. ఫోటో పంపాను. ‘తీసుకురా’ అన్నాడు. సెలవు పెట్టి, రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళాను.

ఆ షెడ్డులో జరిగింది మీరంతా వినాలి. సిలిండర్ చేతిలోకి తీసుకోకుండానే ‘గాలి సరిగ్గా తీయలేదు’ అన్నాడు. గాలి ఉంటే పెడల్ స్పాంజిలా ఉంటుంది గానీ బూటులోకి ఆయిల్ రాదు కదా అన్నాను. అప్పుడు మాట మార్చి, ‘దీంట్లో మామూలు నూనె పోసుంటావు, సీళ్ళు ఉబ్బి పాడయ్యాయి’ అన్నాడు. మనం బ్రేక్ ఆయిల్ అనడం అలవాటే గానీ అది నూనె కాదు. ఇంజిన్ ఆయిల్ లాంటి పెట్రోలియం నూనె పడితే ఈ రబ్బరు సీళ్ళు నిజంగానే ఉబ్బి పాడవుతాయి, ఆ మాట వరకు సరే. అందుకే అక్కడే ఒక కప్పులో నీళ్ళు అడిగి, సిలిండర్‌లో మిగిలిన చుక్కలు వేసి చూపించాను. కలిసిపోయాయి. నూనె అయితే పైకి తేలాలి. దానికి అతని దగ్గర జవాబు లేదు.

అప్పుడు సిలిండర్ తిప్పి, బూటు అంచుకీ సిలిండర్‌కీ కలిపి పూసిన పసుపు చుక్క చూపించాడు. పగిలి ఉంది. ‘సీలు తెరిచావు, గ్యారంటీ పోయింది’ అన్నాడు. తెరవమంది మీరే అని మెసేజ్ తీసి మొహం ముందు పెట్టాను. చదివాడు. చదివి, ‘లాగి చూడమన్నాను, సీలు పగలగొట్టమనలేదు’ అన్నాడు. ఆ చుక్క పగలకుండా బూటు లాగడం ఎవరి వల్లా కాదు. అది పూసిన మనిషికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసే లాగమన్నాడు!

నా పాప ఆ బండిలో ఉందని చెప్పాను. తల కూడా ఎత్తలేదు. ‘బ్రేకులు పని తెలిసినవాళ్ళకి వదిలెయ్యాలి’ అని, నా వెనక నిలబడ్డ ఇంకో కొనుగోలుదారుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. 95 పౌండ్లు పోతే పోయాయి. ఆ ఒక్క మాట మాత్రం నేను మర్చిపోలేను.

ఇంటికొచ్చి, పిస్టన్‌ని పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసి పిస్టన్ బయటికి లాగాను. స్లీవ్ లేదు. స్లీవ్ వేస్తే మూతి దగ్గర దాని అంచు సన్నటి గీతలా కనిపిస్తుంది. ఇక్కడ పాత గోడే ఉంది. హోనింగ్ రాయితో (గోడ నున్న చేసే రాయి) గీకిన గీతలు, వాటి మధ్య వేలికి తగిలేంత గుంటలు. సీలు పెదవి ఒక పక్క చీలిపోయింది. చిన్న టార్చి వేసి చూసినా అరనిమిషంలో కనిపించేది. పసుపు చుక్కకి భయపడి బిగించే ముందు చూడలేదు. ఆ చుక్క ఉన్నదే చూడనివ్వకుండా ఉండటానికని ఇప్పుడు అర్థమైంది.

2018 నుంచి ఇక్కడ నలభై ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకి ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద నడపడానికి సురక్షితమేనా అని ఏటా చూసే పరీక్ష, తప్పనిసరి కాదు. అంటే మన బ్రేకుల్ని ఏటా చూసే మూడో మనిషి లేడు. ఉన్నది అమ్మేవాడి నిజాయితీ, మన కళ్ళు. అందుకే ఇంత కోపం.

కొనేవాళ్ళకి చెప్పేది కొంచెమే. స్లీవ్ అంటే, ప్యాక్ చేసే ముందు లోపలి గోడ ఫోటో అడగండి. ఇవ్వకపోతే వదిలెయ్యండి. డబ్బు ప్లాట్‌ఫామ్ బయట పంపకండి. క్రెడిట్ కార్డుతో నేరుగా కొంటే 100 పౌండ్లు దాటిన వస్తువుకి కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి, అమ్మేవాడు ధర అంతకంటే కిందికి దించుతున్నాడంటే ఆలోచించండి. బిగించాక మొదటి రెండు వారాలు రోజూ బూటు కింద వేలు పెట్టి తడి చూడండి. తప్పనిసరి కాకపోయినా ఎంఓటీ చేయించండి, నేను ఇకపై ఏటా చేయిస్తాను.

అతను షెడ్డు పెట్టి వ్యాపారంగానే అమ్ముతున్నాడు కాబట్టి 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరస్కరించే హక్కు నాకుంది. ఈ రోజుకి ఇరవై ఒకటి. ఫోటోలు, మెసేజ్‌లు జతచేసి పొద్దున్నే రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. సిలిండర్ ఐస్‌క్రీమ్ డబ్బాలో అలాగే భద్రంగా ఉంది. అతని దగ్గర ఇదే సామాను కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ రోజే బండి ఆపి బూటు జరిపి చూడండి. తడి ఉంటే నడపకండి, నాకు రాయండి.