ఉదయగిరి గరిటా, లంచ్ డబ్బాలో చీటీనా?

మా ఆవిడకి చిన్న కానుకగా రెండూ ఇచ్చి చూశాను. నా ఓటు గరిటెకే. జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉన్న ఉదయగిరి చెక్క సామాను, చేత్తో చెక్కింది, నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడవు, కాకపోతే రాత్రంతా నీళ్లలో నాననిస్తే పాడవుతుంది. పిడి వెనక కాల్చిన సూదితో తన పేరులోని ‘ప’ గీద్దామని కూర్చుంటే అది కాస్తా వంకరపోయి ‘వ’ అయింది, ఇప్పటికీ కూర కలిపినప్పుడల్లా "ఇంతకీ ఈ ‘వ’ ఎవరండీ?" అంటుంది.

చీటీకి పైసా ఖర్చు లేదు. "పులుసు నిన్నటికంటే ఇవాళే బాగుంది" అని రాసి ఖాళీ డబ్బాలో పెట్టి తెస్తే చాలు, అలక సగం దిగుతుంది. చేపల పులుసు మరక పడిందా, అక్షరాలు మాయం. పైగా డబ్బా మా అమ్మ కడిగిన రోజు ఉంటుంది చూడండీ, ఆ టెన్షన్!