అలెన్ ఫీల్డ్‌హౌస్, లారెన్స్, కాన్సస్: నవంబర్ మ్యాచ్‌కి వెళ్లొచ్చా?

కాలేజీ బాస్కెట్‌బాల్ చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు ఉందంటే నేన్నమ్మను. కాన్సస్ యూనివర్సిటీ టీమ్ ఆడే 1955 నాటి హాలు, దాదాపు 15,300 మంది పడతారు, మ్యాచ్ ముందు అందరూ కలిసి మెల్లగా "రాక్ చాక్ జేహాక్" అని టీమ్ నినాదాన్ని సాగదీస్తుంటే ఒళ్లు జలదరిస్తది. కాకపోతే నవంబర్‌లో వచ్చేవి ఎక్కువగా చిన్న కాలేజీ టీమ్‌లు, హాఫ్‌టైమ్‌కే అయిపోతాయి కొన్ని, భారీ తేడాతో గెలిచారని అప్పుడే మార్చిలో జరిగే జాతీయ టోర్నమెంట్ గురించి కలలు కనకండి, స్కోర్ కంటే ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఇచ్చే షాట్లు) ఎలా వేస్తున్నారు, బాల్ ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు అవి చూడండి. కొత్త కుర్రాళ్లకి ఛాన్స్ దొరికేది ఇప్పుడే, నాకదే ఇష్టం.

మా తాతయ్య పోయాక ఇదే మొదటి సీజన్. ఇక్కడ రాత్రి మ్యాచ్ అయ్యేసరికి అక్కడ పొద్దున్న, కాఫీ తాగుతూ "ఎవరు గెలిచార్రా" అనేవాడు, ఆటేంటో తెలీదు పాపం, ఓడితే మాత్రం కోచ్‌ని తిట్టేవాడు. ఈసారి గెలిచాం గానీ ఎవరికి చెప్పాలో తోచలేదు, అమ్మమ్మకి ఫోన్ చేస్తే తిన్నావా అనడిగింది.

పక్కనే డిబ్రూస్ సెంటర్లో బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నెయిస్మిత్ 1891లో రాసిన ఆట 13 రూల్స్ ఒరిజినల్ కాగితాలున్నాయి. ఇక్కడ మొదటి కోచ్ ఆయనే, గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ! ముందు అది చూసి లోపలికెళ్లండి.