వైజాగ్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు హెచ్చరిక: బిల్లులో జీతం ఒకటి, పనివాళ్ళ చేతికొచ్చేది ఇంకొకటి

మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం, ఎండాడ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు, ముఖ్యంగా అసోసియేషన్ లెక్కలు చూసేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. సెక్యూరిటీకీ హౌస్‌కీపింగ్‌కీ మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ మా దగ్గర పనిచేసినవాళ్ళ జీతాలు నెలనెలా మింగేసింది. మేం కట్టిన మెయింటెనెన్స్ డబ్బు వాళ్ళకు చేరలేదు. కార్మిక శాఖలో ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెన్సీ పేరు రాయడం లేదు. మోసం ఎలా జరిగిందో మాత్రం దాచకుండా రాస్తున్నాను. ఇంకా చాలాచోట్ల ఇదే తంతు అని పనివాళ్ళే చెబుతున్నారు.

బిల్లు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఒక్కో గార్డుకు జీతం 13,000. యజమాని కట్టాల్సిన పీఎఫ్, బీమా, నిర్వహణ ఛార్జీలు కలిపి 13 శాతం, అంటే 1,690. ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, 3.25 శాతం, 423. బోనస్ 8.33 శాతం, 1,083. ఆపైన వాళ్ళ సర్వీసు ఛార్జీ, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. శాతాలన్నీ చట్టంలో ఉన్నవే. గార్డు వాటా కింద పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం కోసినా చేతికి 11,342 రావాలి.

వాళ్ళకు అందుతున్నది 9,000.

కొత్త కమిటీ వచ్చాక జీతాల రుజువులు అడిగాం. ఏజెన్సీ ఏమాత్రం తడబడకుండా బ్యాంకు కాగితాలు పంపింది. ప్రతి గార్డు ఖాతాలో 11,342 పడినట్టు స్పష్టంగా ఉంది. కాగితాలతోనే సరిపెట్టుకుని ఉంటే విషయం అక్కడితో ముగిసేది. రాత్రి డ్యూటీ చేసే ఒకాయన్ని పాస్‌బుక్ ప్రింట్ వేయించుకు రమ్మన్నాం. అందులో ప్రతి నెలా రెండే వరుసలు. జీతం 11,342 జమ, అదే రోజు ఏటీఎంలో 11,300 డ్రా. ఇంకో గార్డు పాస్‌బుక్ తెరిస్తే అదే తేదీ, అదే మొత్తం. "మీ కార్డు ఎక్కడుందండీ?" అని అడిగితే, సూపర్‌వైజర్ దగ్గరుందన్నారు. పనిలో చేరిన రోజే ఖాతా తెరిపించి, కార్డూ పిన్ నంబరూ ఏజెన్సీ వాళ్ళే ఉంచేసుకున్నారు. డబ్బు డ్రా చేసి, 9,000 చేతిలో పెట్టి, మిగతాది యూనిఫాం ఖర్చనీ డిపాజిట్ అనీ చెప్పేవారు. యూనిఫాం ఖర్చు ప్రతి నెలా ఎలా వస్తుంది?

"మరెందుకు ఊరుకున్నారు?" అని మాలో ఒకరు అడిగారు. "ఏటి సెయ్యమంతారు బాబూ, అడిగితే రేపట్నుంచి రావొద్దంతాడు" అన్నాడాయన. శ్రీకాకుళం పల్లె నుంచి వచ్చి, ఇక్కడ ఒక గది అద్దెకు తీసుకుని పిల్లల్ని చదివించుకుంటున్న మనిషి. అద్దె కట్టాల్సిన తేదీ ముంచుకొస్తుంటే ఎవరైనా ఏం అడగగలరు?

హౌస్‌కీపింగ్‌లో ఇంకా అన్యాయం. బిల్లులో ఆడా మగా తేడా లేకుండా ఒక్కొక్కరికి 11,500 వేశారు. మగవాళ్ళ చేతికి 8,500, ఆడవాళ్ళకు 7,000. ఇద్దరూ తుడిచేది అవే మెట్లు, ఎత్తేది అదే చెత్త. సూపర్‌వైజర్‌ని నిలదీస్తే "ఆడవాళ్ళకి బయటంతా అదే రేటండీ" అన్నాడు. ఒకే పనికి ఆడవాళ్ళకు తక్కువ కూలి ఇవ్వకూడదని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అదే నిబంధన ఉంది. బయట ఏ రేటు నడుస్తున్నా చట్టానికి సంబంధం లేదు.

వాళ్ళలో ఒకమ్మాయి గర్భవతి. ఐదో నెలలో ఆమెను "ఇంక రావొద్దమ్మా" అని పంపేశారు. ఆమె పేరు మీద నెలకు 374 రూపాయల ఈఎస్ఐ మా దగ్గర వసూలు చేశారు, కానీ ఆమెకు ఈఎస్ఐ నంబరే లేదు. నిజంగా కట్టి ఉంటే మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం అందేది, ప్రసవానికి 26 వారాలు జీతం బదులు డబ్బు వచ్చేది. ఒక తల్లి నోటికాడి కూడు లాక్కున్నారు. మాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. గర్భంతో ఉండగా పనిలోంచి తీసేసినంత మాత్రాన ప్రసూతి ప్రయోజనం పొందే హక్కు పోదని చట్టంలో రాసి ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఏజెన్సీ యజమానిని పిలిస్తే వచ్చిన జవాబు: "తక్కువ రేటు కావాలని మీరే బేరమాడతారు కదా." మా బేరం అంతా సర్వీసు ఛార్జీ మీదే జరిగింది, అగ్రిమెంటులో జీతం అంకె విడిగా ఉంది. అదే వారం గార్డులందర్నీ తీసేసి గాజువాక వైపు వేరే సైట్లకు పంపేశాడు. వెళ్ళని ఇద్దరికి చివరి నెల జీతం ఆపేశాడు.

ఇక మీరు చేయాల్సింది. ముందుగా పనివాళ్ళతో, సూపర్‌వైజర్ లేనప్పుడు, విడివిడిగా మాట్లాడండి. "జీతమెంత?" అని అడిగితే నేర్పిన అంకె చెబుతారు. "ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?" అని అడగండి. జీతాల స్టేట్‌మెంటు ఒక్కటే చాలదు, తర్వాత డ్రా అయినవి కూడా కనిపించే పాస్‌బుక్ చూడండి.

పీఎఫ్ చలానా చూపించి చేతులు దులిపేసుకోవడం ఇంకో పద్ధతి. ఆ చలానా కంపెనీ మొత్తానిది, మీ గార్డుల పేర్లు అందులో ఉన్నాయో లేవో దాన్ని బట్టి తెలియదు. పేర్లు, యూఏఎన్ నంబర్లు (ఒక్కో పీఎఫ్ సభ్యుడికి ఉండే సొంత నంబరు) ఉన్న నెలవారీ జాబితా అడిగి తీసుకోండి. యూఏఎన్‌కు లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే ఖాతాలో ఎంత ఉందో మెసేజ్ వస్తుంది. గార్డు ముందే కాల్ చేయించి చూస్తే సరిపోతుంది. మెసేజ్ రాకపోయినా, అంకె ఎదగకపోయినా అనుమానించాల్సిందే.

డ్యూటీ గంటలు కూడా లెక్కేయండి. పన్నెండు గంటల షిఫ్టు, వారానికి ఆరు రోజులంటే 72 గంటలు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. మా బిల్లులో ఓవర్‌టైం అన్న వరుసే లేదు, మీ బిల్లులోనూ లేకపోతే అడగండి. సెక్యూరిటీ ఏజెన్సీకి 2005 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర లైసెన్సు ఉండాలి, దాని కాపీ తీసుకోండి.

"అది వాళ్ళకూ ఏజెన్సీకీ మధ్య గొడవ, మనకెందుకు?" అని మా మీటింగులోనే కొందరన్నారు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని ఇవ్వాలని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ ఉంది. మనుషుల సంఖ్యను బట్టి అది వర్తిస్తుంది, పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు జాగ్రత్తగా ఉండాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాత్రంతా మన గేటు కాసిన మనిషి జీతం మనం కట్టి కూడా అతనికి అందకపోతే ఊరుకోలేం.

జీతాల మీద ఫిర్యాదు కార్మిక శాఖ సహాయ కమిషనర్ ఆఫీసులో, పీఎఫ్ మీద మర్రిపాలెంలోని భవిష్యనిధి కార్యాలయంలో ఇవ్వొచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఆ అమ్మాయి తరఫున మేం అక్కడికే వెళ్ళాం.

కొత్త అగ్రిమెంటులో మేం ఒక షరతు రాయించాం. పీఎఫ్, ఈఎస్ఐ డబ్బు పేర్లతో సహా రుజువు చూపించాకే ఇస్తాం, బిల్లుతో పాటు ఇవ్వం. రెండు ఏజెన్సీలు ఆ ఒక్క షరతు వినగానే వెనక్కి తగ్గాయి. మూడో ఏజెన్సీ ఒప్పుకుంది.