సముద్ర జీవుల రాత్రి వలసను కొలవడానికి ఏది మేలు: వలా, సోనారా, ఉపగ్రహమా?

పొద్దుగూకగానే ప్రపంచ సముద్రాలన్నిటా లాంతరు చేపలు, క్రిల్ రొయ్యలు, చిన్న స్క్విడ్‌లు వందల మీటర్ల లోతు నుంచి పైకి వచ్చి, రాత్రంతా మేసి, తెల్లవారేలోగా వేటాడే చేపల కంటపడని చీకటిలోకి దిగిపోతాయి. భూమి మీద ఇంతకంటే పెద్ద వలస మరొకటి లేదు. అయినా ఇందులో పాల్గొనే చేపల మొత్తం బరువెంత అన్న ప్రశ్నకు, అడిగిన సాధనాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఈ మూడు సాధనాల్లో వల అన్నిటికంటే పాతది. జీవిని చేతికందించేది అదొక్కటే కనుక, అది ఏ జాతిదో, ఎంత వయసుదో, రాత్రి ఏం తిన్నదో దాని ద్వారానే తెలుస్తుంది. అయితే లాంతరు చేపలు వలను పసిగట్టి తప్పించుకుంటాయని, జెల్లీ వంటి మెత్తని జీవులు వలలో చిరిగి ముక్కలైపోతాయని తేలింది. మధ్యలోతుల చేపలు సుమారు 100 కోట్ల టన్నులని 1980లో వేసిన అంచనా ఇలాంటి వలల లెక్కపైనే ఆధారపడింది.

ఇక నీటిలోకి ధ్వనిని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని బట్టి అక్కడేముందో చెప్పే సోనార్ సంగతి. 1942లో శాన్ డియాగో తీరాన అమెరికా నౌకాదళం కోసం ప్రయోగాలు చేస్తున్నవారికి, సముద్రపు అసలు అడుగుకు ఎంతో పైన, అడుగులాగే మరో పొర ప్రతిధ్వనించింది. అది రాత్రిళ్లు పైకి లేచే జీవుల పొర అని 1945లో మార్టిన్ జాన్సన్ చూపించారు. ఒక జీవినైనా కదిలించకుండా, రేయింబవళ్లు ఆగకుండా గమనించగలగడం సోనార్‌కున్న గొప్ప బలం. 2017 ఆగస్టు 21 సూర్యగ్రహణం వేళ అమెరికాలోని ఒరెగాన్ తీరంలో జంతుప్లవకాలు (నీటిలో తేలియాడే చిన్న జీవులు) పట్టపగలే పైకి కదలడాన్ని సముద్రగర్భంలో అమర్చిన సోనార్లే నమోదు చేశాయి. అలాంటి క్షణాన్ని వల పట్టుకోగలదని నేను అనుకోను.

2010లో మొదలైన స్పెయిన్‌వారి మాలాస్పినా యాత్ర సోనార్ కొలతలను ఆధారం చేసుకుని 2014లో వెలువడిన అంచనా వలల లెక్కకు పది రెట్లు, అంటే దాదాపు 1,000 కోట్ల టన్నులు. దీన్ని యథాతథంగా నమ్మడానికీ వీల్లేదు. ధ్వని గాలి బుడగలను తాకినప్పుడు బలంగా తిరిగి వస్తుంది. అందువల్ల గాలి బుడగతో తేలే సైఫనోఫోర్ అనే జెల్లీ జీవి, తన బరువుతో నిమిత్తం లేకుండా చేపలాగే ధ్వనిస్తుంది; తేలడానికి ఉపయోగపడే గాలితిత్తిలో గాలికి బదులు కొవ్వు నిండిన చేప మాత్రం దాదాపు వినిపించకుండా పోతుంది. ఈ అనిశ్చితిని లెక్కలోకి తీసుకున్న 2019 నాటి పరిశీలన 180 నుంచి 1,600 కోట్ల టన్నుల వరకు ఏదైనా కావచ్చని తేల్చింది.

ఇక ఉపగ్రహం. కాలిప్సో అనే ఉపగ్రహపు లేజర్ కిరణం 2008 నుంచి 2017 వరకు ప్రపంచమంతటా సముద్రపు పైనీటిలోని జీవుల్లో రాత్రికీ పగటికీ ఉన్న తేడాను చూపింది. అయితే అది చూడగలిగింది పైనున్న సుమారు 20 మీటర్ల నీటినే.

ఎప్పుడు, ఎంత లోతుకు అన్న ప్రశ్నలకు నేను సందేహం లేకుండా సోనార్‌నే ఎన్నుకుంటాను. ఎంత బరువు అన్నదానికి మాత్రం, అదే చోట, అదే రాత్రి వల కూడా వేసి ప్రతిధ్వని ఎవరిదో తేల్చుకోని లెక్కను అంగీకరించను. చేపల పొడి కోసం ఈ లోతులపై పరిశ్రమ కన్ను పడింది. ఈ జీవులు పైన తిన్న కర్బనాన్ని లోతులకు మోసుకుపోతున్నాయి. సైఫనోఫోర్‌లను చేపలుగా లెక్కించి 1,000 కోట్ల టన్నులున్నాయన్న ధీమాతో వేట పరిమితి నిర్ణయిస్తే, అసలు ఉన్నవి 180 కోట్లే అయిన పక్షంలో ఆ పొరపాటు బయటపడేసరికి పొర పలచబడిపోయి ఉంటుంది.