అలెఖైన్ డిఫెన్స్: అంతా బాగుంది, ఆ బి6 గుర్రం తప్ప

చదరంగంలో తెల్లవాళ్లు ఈ4 (రాజు ముందు బంటును రెండు గడులు) ఆడగానే గుర్రాన్ని ఎఫ్6లో నిలబెట్టి "దమ్ముంటే తరుము" అనే ఓపెనింగ్ (ఆట మొదలుపెట్టే తీరు) ఇది. నల్లపావులతో ఏళ్లుగా ఇదే ఆడుతున్నాను.

తరిమేవాళ్లు దొరికితే ఆ మజాయే వేరు. గుర్రం డి5కి, అక్కడి నుంచి బి6కి జరిగేలోపు తెల్లబంట్లు సి4, డి4, ఈ5, ఎఫ్4 దాకా వచ్చేస్తాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది. ఈ5 దగ్గర బంట్లు మార్చుకుని, రెండో గుర్రాన్ని సి6కి, బిషప్‌ని ఎఫ్5కి తెస్తే డి4 బంటును కాచుకోవడమే వాళ్లకి పని. 1972 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్పాస్కీతో 13వ గేమ్‌ను ఫిషర్ గెలిచింది ఈ డిఫెన్స్‌తోనే అని అడిగినా అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

ఒక టోర్నీలో ఎదుటాయన గుర్రాన్ని బి6కి పంపాక ఇక దూకుడు చూపలేదు. ఐదో ఎత్తులో ఈ5 బంటుతో తాపీగా డి6లోని నా బంటును కొట్టాడు. అలవాటుగా 'సి' వరుస బంటుతో తిరిగి కొట్టి, జి6 ఆడి, బిషప్‌ని జి7లో పెట్టాను. ఆయన ఏనుగును సి1కి జరిపి, బి3 ఆడాడు. ఇంత నీరసమైన ఎత్తులేంటి అనుకున్నా. నా బిషప్ గురిపెట్టిన ఏటవాలు దారిలో ఇక కొట్టడానికేమీ మిగల్లేదని ఆ తర్వాత అర్థమైంది. నేను గుర్రాన్ని సి6కి తెచ్చాను, ఆయన డి5 తోశాడు. గుర్రం ఈ5కి దూకింది, ఎఫ్4తో తరిమాడు. చివరికది డి7లో పడింది.

అప్పుడు బి6 గుర్రం వైపు చూశాను. దానికున్నవి ఆరు గడులు. ఏ8లో నా ఏనుగు, సి8లో నా బిషప్, డి7లో నా రెండో గుర్రం. ఏ4ని బి3 బంటు కాస్తోంది. సి4, డి5లలో ఆయన బంట్లే, రెండింటికీ కాపలా ఉంది. ఒక్క పావూ పోలేదు, ఊపిరి మాత్రం ఆడలేదు. ఆ గేమ్ ముగిసేదాకా ఆ గుర్రం కట్టేసిన గొడ్డే.

ఆయన ఆడిన ఈ ఎత్తుల వరుసను వోరోనెజ్ వేరియేషన్ అంటారు. గుర్రాన్ని సి6కి తేకుండా తొమ్మిదో ఎత్తులోనే ఈ5 తోయడం దీనికి జవాబు. మంత్రులు మార్పిడైపోయి ఆట ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి దశ) వైపు మళ్లుతుంది. తరిమించుకునే సరదా కోసం ఈ ఓపెనింగ్ పట్టినవాడికి అదొక శిక్ష.

అసలు బి6 గుర్రం నాలుగు బంట్ల దాడిలో కూడా గొప్ప పనేమీ చేయదు. అక్కడ తెల్లవాళ్ల తొందర దాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే. పైగా రెండో ఎత్తులోనే గుర్రాన్ని సి3కి తెచ్చి ఊరుకునేవాళ్ల ముందు తరుముడు అన్న మాటే ఉండదు.

ఇప్పుడు డి6లో కొడితే 'ఈ' వరుస బంటుతోనే తిరిగి కొడుతున్నాను. చప్పగా ఉంటుంది, కానీ నా రాజు భద్రం. తక్కువ టైముతో ఆడే రాపిడ్ గేముల్లో నేనింకా ఈ డిఫెన్స్‌ని వదల్లేదు. నా గేములు ముందే తిరగేసి వచ్చే ఆటగాడితో ఎక్కువ టైము ఉండే క్లాసికల్ గేమ్ ఉంటే మాత్రం ఈ4కి జవాబుగా మామూలుగా ఈ5 ఆడేస్తున్నాను. ఇంటిదగ్గర లైన్లు బట్టీపట్టే తీరిక ఉన్నవాళ్లకి ఈ బాధ ఇంత ఉండకపోవచ్చు.