ఇరవై వేలలో గేమింగ్ కార్డు: 6600 మేలా, 3050 మేలా?

ఎంసెట్ కౌన్సెలింగ్ అయిపోయి సీటు ఖాయం కాగానే మా గుంటూరులో ఏటా ఇదే వరస. "అన్నా, నాన్న ఇరవై వేలు ఇస్తానన్నారు, ఏ కార్డు వేయించుకోమంటావు?" అందరూ అడిగేది ఒకటే కాబట్టి జవాబు ఒకచోట రాసి పెడితే నాకూ నోటి శ్రమ తప్పుతుంది.

1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటరుకి సరిపోయే కొత్త గ్రాఫిక్స్ కార్డు, బిల్లుతో సహా కావాలంటే ఆ డబ్బుకి కాస్త అటూ ఇటూగా చివరికి మిగిలేవి రెండే: ఏఎమ్‌డీ వాళ్ళ ఆర్‌ఎక్స్ 6600, ఎన్‌విడియా వాళ్ళ ఆర్‌టీఎక్స్ 3050. ధరలు వారానికో రకంగా ఉంటాయి గనుక రూపాయి పైసల లెక్కలోకి నేను పోను.

ముందు 3050 పేరుతో జరిగే మాయ సంగతి. ఆ పేరుతో రెండు కార్డులున్నాయి. 2022 జనవరిలో వచ్చింది 8 జీబీది, 2024 ఫిబ్రవరిలో వచ్చింది 6 జీబీది. తగ్గింది మెమరీ ఒక్కటేనని షాపుల్లో చెబుతుంటారు. కోర్లు కూడా 2560 నుంచి 2304కి, మెమరీ బస్సు (మెమరీకి డేటా వెళ్ళే దారి) 128 బిట్ల నుంచి 96కి తగ్గాయి. ఇప్పుడు ఎక్కువగా చేతిలో పెట్టేది ఈ 6 జీబీదే కాబట్టి పోలిక దానితోనే పెడుతున్నాను.

వేగంలో అసలు పోటీ లేదు. 2021లో వచ్చిన 6600 చాలా గేముల్లో దీనికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఫ్రేములు ఇస్తుంది. పైగా 8 జీబీ మెమరీ ఉంది. సైబర్‌పంక్ లాంటి బరువైన గేములు ఆడినప్పుడు తేడా కంటికే తెలుస్తుంది. వాలరెంట్, జీటీఏ 5 తప్ప ఇంకేం ఆడనంటే ఏదైనా ఒకటే, అక్కడ ప్రాసెసర్ బాగుండాలి.

3050 తరఫున చెప్పాల్సినవీ ఉన్నాయి. చిన్న సైజులో గీసిన బొమ్మని పెద్దది చేసి ఫ్రేములు పెంచే డీఎల్‌ఎస్‌ఎస్ ఎన్‌విడియాకే సొంతం. 1080పీలో అదే పని చేసే ఏఎమ్‌డీ ఎఫ్‌ఎస్‌ఆర్ కంటే బొమ్మ దాని మీదే శుభ్రంగా ఉంటుంది. పైగా 2025 అక్టోబరు చివర్లో 6600 ఉన్న 6000 సిరీస్ డ్రైవర్ల (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఏఎమ్‌డీ చేసిన ప్రకటన చాలామందిని కంగారు పెట్టింది. అప్‌డేట్లు ఆపడం లేదని కంపెనీ తర్వాత వివరణ ఇచ్చింది గానీ, ఆ ముల్లు ఒకటి ఉంది. ఇక ఇంట్లో ఒప్పించడానికి మన పిల్లలు వాడే మాట ఒకటుంది, "మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టుకి కుడా (CUDA) కావాలి". కుడా అంటే కార్డు చేత లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్, అది ఎన్‌విడియాలోనే ఉంటుంది, నిజమే. కానీ బీటెక్ ప్రాజెక్టుకి బ్రౌజరులోనే నడిచే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే ఎన్‌విడియా టీ4 కార్డు చాలు. దానికోసం 6 జీబీ కార్డు కొననక్కర్లేదు.

నన్నడిగితే ఈ పంచాయితీ తేల్చేది మీ క్యాబినెట్‌లో ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లే. 3050 6 జీబీది 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది కాబట్టి దాదాపు ఏ మోడలుకీ విడిగా కేబుల్ అక్కర్లేదు, స్లాటులో గుచ్చితే చాలు. 6600కి 132 వాట్లు కావాలి, 8 పిన్ కేబుల్ కావాలి. కనీసం 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ ఉండాలని ఏఎమ్‌డీ చెబుతుంది.

మన దగ్గర క్యాబినెట్‌తో పాటు వచ్చే ఊరూ పేరూ లేని డబ్బా మీద కూడా 450 అనే రాసి ఉంటుంది. ఆ అంకె వదిలేసి స్టిక్కరులో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. దాన్ని 12తో హెచ్చవేస్తే వచ్చేదే మీకు అక్కరకొచ్చే పవరు. 16 ఆంపియర్లు ఉంటే 192 వాట్లు. ప్రాసెసరూ కార్డూ రెండూ అందులోంచే తాగాలి. 8 పిన్ లేదంటే షాపులో కన్వర్టరు ఇస్తామంటారు. సాటా (హార్డ్ డిస్కులకి కరెంటిచ్చే కనెక్టరు) నుంచి 8 పిన్‌కి మార్చే ముక్క మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. సాటా కనెక్టరు 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. 8 పిన్ మీద 150 వాట్ల దాకా లాగొచ్చు. ప్లాస్టిక్ కరిగేది అక్కడే.

ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండులో కొన్న డెల్ లేదా హెచ్‌పీ ఆఫీసు పీసీ అయితే నా ఓటు 3050కే. వాటిలో చాలా మోడళ్ళకి మదర్‌బోర్డు కనెక్టరు మామూలు 24 పిన్నుది కాదు, బయట కొన్న ఎస్‌ఎమ్‌పీఎస్ నేరుగా కూర్చోదు. సన్నటి క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ (పొట్టి) మోడలే అడగండి, 3050 6 జీబీలో అవీ దొరుకుతాయి.

మామూలు అసెంబుల్డ్ పీసీ ఉన్నవాళ్ళు మాత్రం పేరున్న కంపెనీ బ్రాంజ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందన్న గుర్తు) ఎస్‌ఎమ్‌పీఎస్ ఒకటి వేయించి 6600 తీసుకోండి. పైన ఇంకొన్ని వేలు అనగానే నాన్న మొహం మారుతుంది, తెలుసు. కానీ రెండేళ్ళకి కార్డు మార్చినా ఆ ఎస్‌ఎమ్‌పీఎస్ అలాగే పనికొస్తుంది.

ఎండల మాట కూడా అనుకోవాలి. రెంటచింతల పక్కన బతుకుతున్నాం. కార్డు తాగిన కరెంటంతా వేడిగా మళ్ళీ గదిలోకే వస్తుంది. మే నెలలో పై అంతస్తు గదిలో 6600 ఆడించాలంటే క్యాబినెట్ ముందు ఒక ఫ్యాను, వెనక ఒకటి ఉండాలి. కార్డు కూడా రెండు ఫ్యాన్లదే తీసుకోండి. 3050 ఈ విషయంలో మంచిబాలుడు.

మిగతావి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఇంటెల్ బీ580లో 12 జీబీ ఉంది, కానీ పాత ప్రాసెసర్ మీద డీలాపడుతుంది. ఏఎమ్‌డీ 6500 ఎక్స్‌టీ 4 జీబీ, వద్దు. ఎన్‌విడియా పాత జీటీఎక్స్ 1060లు, 1070లకి గేముల కోసం వచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580లు 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగాక కుప్పలుగా బయటపడ్డాయి. వాటిలో 2048ఎస్‌పీ అని ఉన్నది లోపల దాని కింది కార్డు 570 అని గుర్తుంచుకోండి. బడ్జెట్ సాగితే ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 చూడండి, అది వేరే లెక్క.

అరండల్‌పేట షాపుల్లో ధర అడిగి ఆన్‌లైన్‌తో పోల్చుకోండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ వైపు వెళ్ళే చుట్టాలుంటే అక్కడా కనుక్కోమనండి. వెయ్యి రూపాయల తేడా దాకా ఊళ్ళో కొనడమే నయం, కార్డు మొరాయిస్తే బండి మీద తీసుకెళ్ళి కౌంటరు మీద పెట్టొచ్చు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం, వారంటీకి మనం ఎక్కడికి పంపాలో అప్పుడే అడగడం మరిచిపోకండి.