పాత కారులో కొత్త చప్పుడు: మెకానిక్ స్టెతస్కోప్‌తో నా అనుభవం

పదిహేనేళ్లు దాటిన కారు ఇంట్లో ఉన్నవాళ్లు ఏ పనిముట్టు కొనాలని అడిగితే నేను ముందు చెప్పేది మెకానిక్ స్టెతస్కోప్ పేరే. డాక్టరు మెడలో చూసేదే. కాకపోతే గుండె మీద ఆనించే బిళ్ల బదులు సన్నటి స్టీలు కడ్డీ ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్ మీద కడ్డీ కొసను ఎక్కడ ఆనిస్తే అక్కడి చప్పుడు చెవిలో పడుతుంది. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. మా 2006 మోడల్ నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు మీద దీన్ని ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి దీని మంచీ చెడూ రెండూ ధైర్యంగా చెప్పగలను.

పాత కారు యజమానికి ఉండే టెన్షన్ అంతా ఒక్క మాటలో ఉంది: "ఇంజిన్ పని." బానెట్ కింద టిక్ టిక్‌మని ఏదో మొదలవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే ఒకరు ట్యాపెట్ (వాల్వులను కదిపే భాగం) సౌండ్ అంటారు, ఇంకొకరు బేరింగులు పోయాయంటారు. మా కారుకైతే ఒక చోట ఏకంగా ఇంజిన్ దించాల్సిందేనన్నారు. పాత కారుకు ఇంజిన్ దించడమంటే కారు విలువలో సగం అక్కడే పెట్టినట్టు. చప్పుడు ఎటునుంచి వస్తోందో మనకే తెలిస్తే ఆ మాటకు బెదిరిపోయి ఒప్పుకోవాల్సిన పని ఉండదు.

మా కారు చప్పుడు పొద్దున్నే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే వచ్చేది. పదునైన టిక్ టిక్. యాక్సిలరేటర్ తొక్కితే వేగం పెరిగేది. టెంపరేచర్ ముల్లు పైకి వచ్చేసరికి పూర్తిగా మాయమయ్యేది. ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూశాను, లెవల్ సరిగానే ఉంది. తర్వాత వాల్వ్ కవర్ మీద ఒక్కో సిలిండర్‌కు ఎదురుగా కడ్డీ ఆనిస్తూ వెళ్లాను. నాలుగు చోట్లా ఒకే రకమైన సన్నటి శబ్దం, ఏ ఒక్కటీ మిగతావాటికన్నా గట్టిగా లేదు. కింద బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) పక్కనా అంతే, దెబ్బ కొట్టినట్టు ఏదీ లేదు. అప్పుడు కడ్డీ విప్పేసి, ఒట్టి గొట్టం కొసను ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్లనుంచి పొగను సైలెన్సర్ వైపు తీసుకెళ్లే గొట్టాల భాగం) పొడవునా కాస్త ఎడంగా జరుపుకుంటూ పోయాను. చివరి సిలిండర్ దగ్గరికి రాగానే చెవిలో ఫట్ ఫట్‌మని కొట్టింది. టార్చి వేసి చూస్తే మ్యానిఫోల్డ్ ఇంజిన్ పై భాగమైన హెడ్‌కు కలిసే చోట, గ్యాస్కెట్ (మధ్యలో సందు మూసే పలక) అంచున వేలి వెడల్పున నల్లటి మసి చార. అక్కడి నట్టు వదులైపోయి, ఆ సందులోంచి పొగ తన్నుకొస్తోంది. లోహం వేడెక్కి వ్యాకోచించగానే సందు మూసుకుపోతుంది, చప్పుడూ ఆగిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే మెకానిక్‌కి కారు చూపించి, "బాబాయ్, నాలుగో సిలిండర్ దగ్గర మ్యానిఫోల్డ్ లీకవుతోంది, అక్కడ చూడు" అన్నాను. వంగి మసి చూసి, "ఇంజిన్ చల్లారనియ్ బాబూ, వేడి మీద నట్టు తిప్పితే స్టడ్డు విరిగిపోద్ది" అన్నాడు. తుప్పు వదలడానికి నూనె చల్లి, బాగా చల్లారాక గ్యాస్కెట్ మార్చాడు. దించాల్సిన ఇంజిన్ అలా దాని చోటనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. పిస్టన్, బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి గోడ) అరిగి మధ్యలో ఖాళీ పెరిగినా చల్లటి ఇంజిన్‌లో చప్పుడు వచ్చి వేడెక్కాక తగ్గుతుంది. అందుకే ఈ రెంటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. పిస్టన్ కొట్టుకునే చప్పుడు మొద్దుగా ఉంటుంది, బ్లాక్ మీద కడ్డీ ఆనిస్తే స్పష్టంగా తెలుస్తుంది. మ్యానిఫోల్డ్ లీకు పదునుగా ఉంటుంది, ఒట్టి గొట్టంలో బాగా పట్టుబడుతుంది.

ట్యాపెట్ చప్పుడుకు ఇంకో గుర్తు ఉంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగమే తిరుగుతుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో 800 ఆర్‌పీఎం ఉంటే ఒక వాల్వ్ నిమిషానికి 400 సార్లు కొడుతుంది, అంటే సెకనుకు ఆరేడు దెబ్బలు. లెక్కపెట్టడం కుదరదు గానీ, చెవికి అలవాటైతే ఇంజిన్ వేగం కన్నా ఇది నిదానంగా ఉందని తెలిసిపోతుంది. ఒక సిలిండర్ మీద మాత్రమే గట్టిగా వినిపిస్తే, ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకులతో సందు కొలిచి ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తే సరిపోవచ్చు. అలాగే పెట్రోల్ ఇంజెక్టర్ మీద కడ్డీ పెడితే టకటకమని చాలా గట్టిగా వినిపిస్తుంది. అది ఆరోగ్యమైన చప్పుడే, కంగారుపడకండి. నాలుగింటిలో ఒకటి మూగబోతేనే అనుమానించాలి.

అందుకే నా గట్టి సలహా: కారు బాగున్నప్పుడే దీన్ని కొని వినడం మొదలుపెట్టండి. ఆల్టర్నేటర్ మామూలుగా ఎలా గుయ్‌మంటుందో, వాటర్ పంప్ ఎలా ఉంటుందో మీ చెవికి ముందే తెలిసి ఉండాలి. ఇది నాకు బాగా పనికొచ్చింది. ఆ తర్వాత ఒకసారి బెల్టు వైపునుంచి గరగరమని శబ్దం మొదలైంది. వినగానే అందరూ ఆల్టర్నేటర్ అన్నారు. నేను ఆల్టర్నేటర్ బాడీ మీద, వాటర్ పంప్ మీద, ఐడ్లర్ పుల్లీ (బెల్టును దారిలో పెట్టే చిన్న చక్రం) బోల్టు మీద వరసగా కడ్డీ పెట్టి చూశాను. మొదటి రెండూ ఎప్పటిలాగే ఉన్నాయి. పుల్లీ బోల్టు మీద పెట్టగానే ఇసుక నలిగినట్టు వినిపించింది. ఇంజిన్ ఆపి, బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పితే ఆ గరుకు వేళ్లకే తగిలింది. చిన్న పుల్లీ మారిస్తే పోయింది.

కొన్నిటికి స్టెతస్కోప్ అవసరమే లేదు. ఏసీ వేయగానే మొదలై ఆపగానే ఆగితే కంప్రెసర్ వైపు చూడాలి. క్లచ్ తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్, తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ వైపు. కీచుమనే బెల్టు మీద కాసిన్ని నీళ్లు చల్లితే ఒక్క క్షణం ఆగుతుంది. సైలెన్సర్ పైన వేడి ఆపే రేకు వదులైతే ఒకానొక వేగంలో బర్రుమని ఇంజినే పగిలిపోతున్నంత భయపెడుతుంది. సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో తట్టి చూస్తే చాలు.

ఒక్క చప్పుడు విషయంలో మాత్రం స్టెతస్కోప్ కోసం వెతకొద్దు. ఇంజిన్ కింది భాగంనుంచి లోతుగా డబ్ డబ్‌మని, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతూ, పైగా ఆయిల్ లైటు కూడా వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి. "ఇంటిదాకా పోదాం, దగ్గరే కదా" అనుకోకుండా టోయింగ్ బండి పిలిపించండి. కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ దెబ్బతిన్నాక నడిపిన ప్రతి కిలోమీటరూ క్రాంక్‌షాఫ్ట్‌ను తినేస్తుంది.

ఇక లోపాలు. లోహంలో చప్పుడు ప్రయాణం చేస్తుంది కాబట్టి పక్క భాగం శబ్దం కూడా వినిపించి తికమక పెడుతుంది. ఒకే చోట విని తేల్చకుండా, నాలుగైదు చోట్ల పోల్చి ఎక్కడ గట్టిగా ఉందో చూడాల్సిందే. రోడ్డు మీద లోడు పడినప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుళ్లకు ఇది పనికిరాదు. డీజిల్ బండ్లలో మామూలు మోతే ఎక్కువ కాబట్టి తేడా పట్టడం కష్టం. నా దాంట్లో రబ్బరు గొట్టం ఇంజిన్ వేడికి బిరుసెక్కి పగుళ్లిచ్చింది, మార్చుకోవాల్సి వచ్చింది. చెవిలో పెట్టుకునే బుడిపెలు కాసేపటికే నొప్పి పుట్టిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది జాగ్రత్త. కడ్డీ జారి బెల్టులో పడితే చేతికే ప్రమాదం. కదలని భాగాలకే, బోల్టులకే ఆనించండి. చున్నీ, వదులు చొక్కా చేతులు, మెడలో ఐడీ కార్డు తాడు ఏవీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరగడం మొదలెడుతుందో చెప్పలేం, దాని దగ్గర చెయ్యి పెట్టొద్దు.

చల్లటి ఇంజిన్‌లోనే వచ్చే చప్పుడైతే గ్యారేజీకి చేరేసరికి ఉండదు. పొద్దున్నే మొదటి స్టార్ట్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకుని చూపించండి, లేదా ముందురోజు రాత్రే కారు అక్కడ వదిలి రండి.

కొనేటప్పుడు కడ్డీ విప్పడానికి వీలున్న రకమే తీసుకోండి. ఇంటేక్ గొట్టాల దగ్గర గాలి లీకు, ఎగ్జాస్ట్ లీకు పట్టడానికి ఒట్టి గొట్టమే కావాలి. కడ్డీ బిగించేసి ఉన్నవి కాస్త చవగ్గా వస్తాయి కానీ, నా మ్యానిఫోల్డ్ లీకు వాటితో దొరికేది కాదు.